మా మెంటర్ సంస్మరణ సభలో రెండు నిమిషాలు మాట్లాడమన్నారు, ఏం చేయాలో తెలియట్లేదు

కమ్మింగ్ కుర్రాడు:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగు, ఓపిక ఉన్నవాళ్ళు చదివి సలహా ఇవ్వండి.

నేను అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో ఉంటాను. 12 ఏళ్ళ కిందట ఇక్కడ నా మొదటి ఉద్యోగంలో నాకు పని నేర్పిన పెద్దాయన మొన్న సోమవారం చనిపోయారు. 74 ఏళ్ళు. నల్లజాతి అమెరికన్. పేరు రాయను, వాళ్ళింట్లో వాళ్ళని అడక్కుండా రాయడం బాగోదు. మొదట్లో నేను సార్ అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసేవారు, ఇంకెవర్నో పిలుస్తున్నానేమో అని. పేరు పెట్టి పిలవమన్నారు, నాకు నోరు రాలేదు. చివరి దాకా సార్ అనే అన్నాను, ఆయనే అలవాటు పడ్డారు.

ఆయన నాకేం చేశారో చెప్పకపోతే నా టెన్షన్ మీకు అర్థం కాదు. ఒకసారి లేఆఫ్‌లో నా ఉద్యోగం పోయింది. హెచ్ వన్ వీసా మీద ఉన్నవాళ్ళకి తెలుసు కదా, 60 రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే సామాను సర్దుకోవడమే. అప్పటికి ఆయన రిటైరయ్యారు. రోజూ సాయంత్రం 6 గంటలకి వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసేవారు, నిజం ఇంటర్వ్యూలాగే, మొహంలో నవ్వు లేకుండా. "మేము చేశాం, మేము చేశాం అంటావేంటి, నువ్వేం చేశావో చెప్పు" అని ఒకటే పోరు. మనకి నేను అనడం అలవాటు లేదు కదా, గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. మేము అన్నప్పుడల్లా టేబుల్ మీద పెన్నుతో ఒక దెబ్బ. 43వ రోజున ఆఫర్ వచ్చింది.

ఆయన ఆల్ఫా ఫై ఆల్ఫా అనే ఫ్రెటర్నిటీలో, అంటే కాలేజీ రోజుల్లో చేరే సోదర సంఘంలో సభ్యుడు. ఇక్కడి అలమ్నై చాప్టర్‌కి (చదువైపోయిన సభ్యుల స్థానిక శాఖ) కొన్నేళ్ళు ప్రెసిడెంటుగా కూడా చేశారు. శనివారం పొద్దున్నే హైస్కూల్ పిల్లల్ని పోగేసి చదువు చెప్పించేవాళ్ళు, నన్నూ లాక్కెళ్ళి లెక్కలు చెప్పమనేవారు. అలా వాళ్ళ బ్రదర్స్, అంటే తోటి సభ్యులు, కొంతమంది తెలుసు, తెలుసంటే హాయ్ అంటే హాయ్ అనేంత.

ఇప్పుడు విషయం. శుక్రవారం సాయంత్రం వేక్, అంటే అంత్యక్రియల ముందు అందరూ వచ్చి చివరి చూపు చూసేది, అందులోనే ఫ్రెటర్నిటీ వాళ్ళ ఒమేగా సర్వీస్ అని ఉంది. శనివారం 11 గంటలకి చర్చిలో హోమ్‌గోయింగ్, అంటే అంత్యక్రియల సభ. నిన్న వాళ్ళమ్మాయి ఫోన్ చేసి "నువ్వు రెండు నిమిషాలు మాట్లాడాలి, నాన్న నీ గురించి ఎప్పుడూ చెప్పేవాడు" అంది. సరే అన్నాను, ఫోన్ పెట్టేశాక చేతులు వణికాయి.

నేను ఇంతవరకు ఇక్కడ ఒక్క ఫ్యునరల్‌కి కూడా వెళ్ళలేదు. ఒమేగా సర్వీస్‌కి బయటివాళ్ళు వెళ్ళొచ్చా? ఒమేగా సై ఫై అని ఇంకో ఫ్రెటర్నిటీ ఉంది కదా, వాళ్ళకీ దీనికీ సంబంధం ఏంటి? శవపెట్టె తెరిచి ఉంచుతారంటున్నారు, దగ్గరికి వెళ్ళి చూడాలా? కవర్‌లో డబ్బు పెట్టి ఇవ్వాలా? మా వాడికి 7 ఏళ్ళు, తాతయ్య దగ్గరికి నేనూ వస్తానంటున్నాడు. నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క నల్ల సూటు, మా రిసెప్షన్‌ది, దాంతో వచ్చిన టై పర్పుల్ కలర్. ఇక అసలు భయం, ఏం మాట్లాడాలి అనేది.

బందరు నుంచి అమ్మ ఫోన్‌లో తన వంతు చెప్పింది. ఇంటికి రాగానే తలస్నానం చెయ్యి, అక్కడేం తినకు, బయల్దేరేటప్పుడు వాళ్ళతో వెళ్ళొస్తాను అని మాత్రం అనకు, అని.

మేరియెట్టా మామ:

ముందుగా నా సానుభూతి. ఇక్కడ 24 ఏళ్ళుగా ఉంటున్నా, ఇలాంటి హోమ్‌గోయింగ్‌లు మూడింటికి వెళ్ళాను, తెలిసింది చెప్తా.

మన కర్మకాండల లెక్కలో పెట్టుకుని వెళ్తే కంగారు పడతారు. నల్లజాతి చర్చిల్లో హోమ్‌గోయింగ్ అంటే మనిషి తన అసలు ఇంటికి వెళ్ళాడని నమ్మకం. ఏడుపు ఉంటుంది, దాని పక్కనే పాట ఉంటుంది, నవ్వు కూడా ఉంటుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు శవాన్ని ముందు పెట్టుకుని జోకులేంట్రా బాబూ అనుకున్నా. ఒక గంట కూర్చున్నాక అర్థమైంది, ఆ నవ్వు పోయినాయన్ని తలుచుకునే. మన ఊళ్ళో పెద్దకర్మ రోజున భోజనాల దగ్గర చేరి "ఆయన ఒకసారి ఏం చేశాడో తెలుసా" అని మొదలెట్టి అందరం నవ్వమా, అదే, కాకపోతే వీళ్ళు మైకులో చెప్తారు.

పెట్టె దగ్గరికి వెళ్ళడం మీ ఇష్టం. వరసలో అందరూ వెళ్తారు, వెళ్ళలేకపోతే కూర్చునే ఉండండి, ఎవరూ ఏమీ అనుకోరు. వెళ్తే ఒక్క క్షణం నిలబడి, ముందు వరసలో కూర్చున్న కుటుంబం దగ్గరికి వెళ్ళి "అయామ్ సో సారీ ఫర్ యువర్ లాస్" అనండి చాలు. ఎలా పోయారు, ఏ హాస్పిటల్, షుగర్ ఉందా అని మనవాళ్ళు అడిగే ప్రశ్నలు అస్సలు వద్దు. కాళ్ళకి దండం పెట్టబోయి పెట్టెకి తల కొట్టుకున్న మనవాణ్ణి ఒకడిని చూశాను, పాపం భక్తితోనే చేశాడు.

డబ్బు కవర్ నేరుగా ఇంట్లోవాళ్ళ చేతికి ఇవ్వకండి. వాళ్ళు పెట్టే ఆబిచ్యువరీ అనే మరణ ప్రకటనలో కింద చూడండి, పువ్వుల బదులు ఫలానా స్కాలర్‌షిప్‌కి పంపండి అని చాలాసార్లు ఉంటుంది. ఉంటే దానికే పంపి, ఒక సింపతీ కార్డు మీ చేత్తో రాసి ఇవ్వండి. కార్డులో నాలుగు లైన్లు సొంతంగా రాయండి, అచ్చు వేసిన కవిత్వం కింద సంతకం పెట్టేసి ఊరుకోకండి.

అయ్యాక రిపాస్ట్ అని భోజనం ఉంటుంది, సాధారణంగా చర్చి కింద హాల్లో. అమ్మగారి మాట పక్కన పెట్టి కూర్చోండి. ఆ ఇంటివాళ్ళు పిలిచి పెడితే తినకుండా వచ్చేయడం బాగోదు. శాకాహారి అయితే ఒక జాగ్రత్త, ఆకుకూరే కదా అని కాలర్డ్ గ్రీన్స్ వేసుకోకండి, చాలాచోట్ల పంది మాంసమో పొగబెట్టిన టర్కీ ముక్కో వేసి ఉడికిస్తారు. మెకరోనీ చీజ్, కార్న్‌బ్రెడ్, యామ్స్ ఉంటాయి, సర్దుకోవచ్చు. పీచ్ కాబ్లర్ ఉంటే వదలకండి.

బాబుని శనివారం తీసుకెళ్ళండి, పిల్లలు చాలామంది వస్తారు. శుక్రవారం వద్దులెండి.

హంట్స్‌విల్ పాత విద్యార్థి:

నేను అలబామాలో ఒక హెచ్‌బీసీయూలో, అంటే చరిత్ర నుంచీ నల్లజాతి విద్యార్థుల కోసం నడుస్తున్న యూనివర్సిటీలో ఎంఎస్ చేశాను. నా రూమ్మేట్ ఆల్ఫా, అంటే ఆల్ఫా ఫై ఆల్ఫా సభ్యుడు. కాబట్టి ఆ ముక్క నేను చెప్తా.

ఒమేగా సర్వీస్‌కీ ఒమేగా సై ఫైకీ ఏ సంబంధం లేదు. గ్రీకు అక్షరాల్లో మొదటిది ఆల్ఫా, చివరిది ఒమేగా. మన అ నుంచి క్ష దాకా అన్నట్టు. ఆల్ఫాల్లో ఎవరైనా చనిపోతే ఆయన ఒమేగా చాప్టర్‌లో చేరాడు అంటారు. ఆ పేరు బతికున్నవాళ్ళ చాప్టర్‌కి పెట్టరు. చనిపోయారు అనడానికి బదులు బదిలీ అయ్యారు అన్నట్టు ఉంటుంది ఆ మాట, నాకు భలే నచ్చుతుంది. కప్పా ఆల్ఫా సై వాళ్ళు చాప్టర్ ఇన్‌విజిబుల్ అంటారు, ఒక్కో సంఘానికి ఒక్కో మాట.

ఒమేగా సర్వీస్ చాలాసార్లు కుటుంబం, స్నేహితుల ముందే జరుగుతుంది. వేక్‌లో భాగంగా పెట్టారంటే మీరు నిక్షేపంగా వెళ్ళొచ్చు. నల్ల సూట్లలో బ్రదర్స్ వరసగా వస్తారు, కొంత చదువుతారు, చివర్లో వాళ్ళ హిమ్, అంటే సంఘం పాట, పాడతారు. మీరు చేయాల్సిందల్లా కదలకుండా కూర్చోవడం. ఫోన్‌తో వీడియో తీయకండి. వాళ్ళు చేతులతో గుర్తులు చూపించినా, అరుపులు అరిచినా మీరు కలవకండి, సరదాకి కూడా. ఆ గుర్తులు, అక్షరాలు సభ్యులవి, బయటివాళ్ళు వాడితే వాళ్ళకి నిజంగానే కష్టంగా ఉంటుంది. ఆల్ఫా అక్షరాలున్న పిన్ గానీ మఫ్లర్ గానీ అభిమానంతో కొనుక్కుని వెళ్దామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి.

అన్నట్టు పర్పుల్ టై. బాబోయ్. పర్పుల్, గోల్డు ఒమేగా సై ఫై వాళ్ళ రంగులు. ఆల్ఫాలవి బ్లాక్, ఓల్డ్ గోల్డ్. కొట్టరులెండి, ఈ నల్లజాతి సంఘాల మధ్య పోటీ అంతా వేళాకోళమే, కానీ రాత్రంతా ఆ టై మీదే జోకులు పడతాయి. నేవీ బ్లూది ఒకటి కొనుక్కోండి.

కూకట్‌పల్లి కబుర్లు:

ఏమనుకోకండి గానీ ఫ్రెటర్నిటీ అంటే ఇంగ్లీషు సినిమాల్లో చూపించే తాగుడు, ర్యాగింగ్ బ్యాచ్ కదా? 74 ఏళ్ళ మనిషికి కాలేజీ గ్యాంగ్ ఏంటి, చచ్చిపోయాక కూడా వాళ్ళొచ్చి సర్వీస్ చేయడమేంటి? నాకు నిజంగా అర్థం కాక అడుగుతున్నా.

హంట్స్‌విల్ పాత విద్యార్థి:

అడిగారు మంచిదైంది, నేనూ వచ్చిన కొత్తలో అదే అనుకున్నా.

ఈ ఆల్ఫా ఫై ఆల్ఫా 1906 డిసెంబరు 4న న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ యూనివర్సిటీలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులతో మొదలైంది. అంత పెద్ద క్యాంపస్‌లో వీళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. తెల్లవాళ్ళ సంఘాలు చేర్చుకోవు, కలిసి చదువుకోవడానికి తోడు లేదు, ముందు వచ్చినవాళ్ళలో కొంతమంది చదువు మధ్యలో ఆపేసి వెళ్ళిపోయారు. పక్కవాణ్ణి డిగ్రీ పూర్తయ్యే దాకా నిలబెట్టడం కోసం కలిసినవాళ్ళు వీళ్ళు. తర్వాత మిగతావి పుట్టాయి, అబ్బాయిలవి, అమ్మాయిలవి కలిపి ఇప్పుడు తొమ్మిది, అందుకే డివైన్ నైన్ అంటారు. కమలా హారిస్ చేరిన ఆల్ఫా కప్పా ఆల్ఫా అందులో అమ్మాయిలది, 1908లో హోవార్డ్ యూనివర్సిటీలో పుట్టింది.

కాలేజీ అయిపోగానే వీళ్ళ సభ్యత్వం అయిపోదు, అసలు పని అక్కడే మొదలవుతుంది. ప్రతి ఊళ్ళో అలమ్నై చాప్టర్లు, నెలనెలా మీటింగులు, చందాలు, స్కాలర్‌షిప్పులు, ఓటరు నమోదు. ఈయన శనివారం పిల్లలకి చదువు చెప్పించేవారు అన్నారు కదా, పిల్లల్ని హైస్కూలు దాటించి కాలేజీకి పంపే కార్యక్రమం ఆల్ఫాలు 1922 నుంచీ నడుపుతున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ బోస్టన్‌లో చదువుకునేటప్పుడు 1952లో ఇందులో చేరాడు. వాషింగ్టన్‌లో 2011లో తెరిచిన కింగ్ స్మారకం ఉంది చూడండి, ఆ ఆలోచన పెట్టి, కాంగ్రెస్ అనుమతి తెచ్చి, చందాలు పోగేసినవాళ్ళలో ముందున్నది ఈ సంఘమే. అట్లాంటాలో మనం దిగే ఎయిర్‌పోర్టు పేరులో జాక్సన్ అని ఉంటుంది కదా, ఆయన మేనార్డ్ జాక్సన్, ఈ ఊరి మొదటి నల్లజాతి మేయర్. ఆయనా ఆల్ఫానే.

ర్యాగింగ్ మచ్చ లేదని నేననను. ఇక్కడ హేజింగ్ అంటారు, తెల్లవాళ్ళ సంఘాల్లోనూ ఉంది, వీళ్ళలోనూ ఉంది, పిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. నిషేధం కాగితం మీద గట్టిగానే ఉంది. మా రూమ్మేట్ ఆ సంగతి ఎత్తితే తల దించుకునేవాడు.

కూకట్‌పల్లి కబుర్లు:

ఓహో. అయితే మన దగ్గర వెనకటికి వారాలు చేసుకుని చదువుకునే రోజుల్లో, ఊరి నుంచి ముందొచ్చినవాడు వెనకొచ్చినవాడికి ఒక గది, నాలుగు ఇళ్ళు చూపించేవాడు, అలాంటిదన్నమాట. మా తాత అలాగే చదివాడు. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ పెట్టింది కూడా పల్లెల నుంచి వచ్చిన పిల్లలకి నీడ కోసమే.

హంట్స్‌విల్ పాత విద్యార్థి:

నీడ వరకు పోలిక సరే. కానీ మన హాస్టళ్ళు చాలావరకు కులం లెక్కన కట్టుకున్నవి, వీళ్ళది తలుపు మూసేసిన చోట సొంతంగా కట్టుకున్నది. వేరే జాతుల వాళ్ళకీ ఇందులో ప్రవేశం ఉంది. ఈ చర్చ మొదలెడితే అసలాయన ప్రశ్న పక్కకి పోతుంది, ఇక్కడితో ఆపుదాం.

రాత్రి డ్యూటీ నర్సు:

నేను హాస్పిస్‌లో, అంటే చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే చోట పని చేస్తాను. చావు దగ్గర మాట్లాడాల్సిన మాటలు కొంచెం తెలుసు. తమ్ముడూ, నువ్వు మాట్లాడాలనుకున్నది ఇక్కడ పెట్టు, చూద్దాం.

కమ్మింగ్ కుర్రాడు:

థాంక్స్ అక్కా. రాత్రి రాసింది ఇది, ఇంగ్లీషులో చెప్పబోయేదాన్ని తెలుగులో పెడుతున్నా. "ఆయన ఒక మహోన్నత వ్యక్తి. నా జీవితానికి దిక్సూచి. ఎంతోమందికి వెలుగు చూపిన మార్గదర్శి. ఆయన లేని లోటు ఎవరూ పూడ్చలేనిది. మేము ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాం. ఆయన ఆత్మకి శాంతి కలగాలి."

రాత్రి డ్యూటీ నర్సు:

కోప్పడకు. ఇందులో ఆయన పేరు తీసేసి మీ ఊరి ఎమ్మెల్యే పేరు పెట్టు. ఎక్కడైనా అతుకు కనబడుతుందా? లేదు కదా. అంటే ఇది ఆయన గురించి కాదు.

నువ్వు పైన రాసిన పోస్టులో ఆ పెన్ను దెబ్బ ఉంది చూడు, అది ఆయన. అక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మందికి ఆ పెన్ను తెలిసే ఉంటుంది. ఆయన ఎంత గొప్పవాడో పాస్టరు చెప్తాడు, చాప్టర్ వాళ్ళు తీర్మానం చదువుతారు, ఆబిచ్యువరీ అచ్చేసి అందరి చేతుల్లో పెడతారు. నువ్వు మాత్రమే చూసింది ఏదో అది చెప్పు. నీకూ ఆయనకీ మధ్య ఇంకేమైనా జరిగిందా, ఇంట్లోవాళ్ళకి కూడా పూర్తిగా తెలియనిది?

రెండు నిమిషాలంటే మన యాసలో, ఏడుపు గొంతుతో, 200 మాటలకి మించి పట్టవు. పెద్ద అక్షరాల్లో కాగితం మీద రాసుకో, ఫోన్‌లో చూసి చదవకు, తెర ఆరిపోతే చేతులు ఇంకా వణుకుతాయి. నాలుగుసార్లు గట్టిగా చదువు, కారులో చదువు.

ఇంకో మాట. నువ్వు మధ్యలో గొంతు పట్టేసి ఆగిపోతే జనంలోంచి "టేక్ యువర్ టైమ్" అని వినిపిస్తుంది. త్వరగా కానీ అని కాదు దానర్థం, ఎగతాళీ కాదు. నిన్ను పట్టుకోవడానికి చెయ్యి చాపినట్టు. ఆగు, గాలి పీల్చుకో, మళ్ళీ మొదలెట్టు.

కమ్మింగ్ కుర్రాడు:

అక్కా, ఒకటి ఉంది. కానీ అక్కడ చెప్పొచ్చో లేదో.

మేము ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాక గృహప్రవేశానికి ఆయన్ని పిలిచాను. కమ్మింగ్ అనగానే ఫోన్‌లో కాసేపు ఏం మాట్లాడలేదు. సరే వస్తా, కానీ ఒక సంగతి చెప్పాలి అన్నారు. అప్పటిదాకా నాకు ఈ ఊరి చరిత్ర ఒక్క ముక్క తెలీదు, మంచి స్కూళ్ళు, గుడి దగ్గర, మనవాళ్ళు ఉన్నారు, అంతే చూసి కొన్నాం. 1912లో ఈ ఫోర్‌సైత్ కౌంటీలో ఉన్న నల్లజాతి వాళ్ళని, వెయ్యి మందికి పైగానే, ఇళ్ళూ పొలాలూ వదిలేసి పారిపోయేలా తరిమేశారట. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఇక్కడ నల్లవాళ్ళు ఉండేవాళ్ళు కాదు, చీకటి పడ్డాక ఈ దారిన రావడానికే భయపడేవాళ్ళు. 1987 జనవరిలో హోసియా విలియమ్స్ అనే పౌరహక్కుల నాయకుడు కొద్దిమందితో శాంతియాత్రకి వస్తే రాళ్ళతో కొట్టారు. వారం తిరిగేసరికి సుమారు 20 వేల మంది అట్లాంటా నుంచీ ఎక్కడెక్కడి నుంచో వచ్చి మళ్ళీ నడిచారు, నేషనల్ గార్డు సైనికులు కాపలా. ఆ రెండో యాత్రలో మా సార్ ఉన్నారు. చాప్టర్ వాళ్ళతో కలిసి బస్సులో వచ్చారట.

మా ఇంటికి వచ్చిన రోజు గుమ్మం బయట ఒక నిమిషం ఆగి వీధి అటూ ఇటూ చూశారు. "పోయినసారి ఈ ఊరొచ్చినప్పుడు నా రెండు పక్కలా సైన్యం ఉంది, ఇప్పుడు ఎవరూ లేరు" అన్నారు. లోపలికొచ్చి మా ఆవిడతో పాటు నిలబడి పాలు పొంగడం చూశారు. భోజనంలో గోంగూర పచ్చడి రెండుసార్లు వేయించుకుని, మా కాలర్డ్ గ్రీన్స్‌కి కోపమొస్తే ఇలా ఉంటుంది అన్నారు.

ఇది చావు దగ్గర చెప్పొచ్చంటారా? పాత గాయం కెలికినట్టు ఉండదా?

రాత్రి డ్యూటీ నర్సు:

ఇదే చెప్పు. ఇంకేమీ కలపకు.

మేరియెట్టా మామ:

ఒళ్ళు ఝల్లుమంది. నేను ఇన్నేళ్ళుగా కమ్మింగ్ గుళ్ళకీ పెళ్ళిళ్ళకీ వస్తున్నా, ఈ సంగతి తెలీదు. గోంగూర ముక్క వదలకండి.

కమ్మింగ్ కుర్రాడు:

ఆలస్యంగా రాస్తున్నా, వారం నుంచి రాద్దామంటే కుదర్లేదు. అందరికీ థాంక్స్.

శుక్రవారం నేవీ టై కట్టుకుని వెళ్ళాను. ఒమేగా సర్వీస్‌లో ఏం చదివారో ఇక్కడ రాయను, అది వాళ్ళది. ఒక్కటి మాత్రం చెప్తా. వాకర్ పట్టుకుని వచ్చిన ఒక ముసలాయన ఉన్నారు, తొంభై దాటి ఉంటాయి. సర్వీసంతా కుర్చీలోనే ఉన్నారు. హిమ్ మొదలవగానే పక్కన కాలేజీ కుర్రాడి భుజం పట్టుకుని లేచి నిలబడి, చివరి లైన్ దాకా కూర్చోలేదు. ఆ కుర్రాణ్ణి ఎక్కడో చూశానే అనుకుంటూ ఉన్నా. తర్వాత వాడే వచ్చి పలకరించాడు, శనివారం క్లాసుల్లో నా దగ్గర లెక్కలు చెప్పించుకున్న వాడట. ఇప్పుడు ఆల్ఫా అయ్యాడు.

పెట్టె దగ్గరికి వెళ్ళాను. సూటు జేబులో పెన్ను ఉంది. ఎవరు పెట్టారో తెలీదు.

శనివారం చర్చి నిండిపోయింది. తెల్ల గ్లౌజులు వేసుకున్న ఆడవాళ్ళు టిష్యూలు, విసనకర్రలు పంచుతున్నారు. నా వంతు వచ్చేసరికి ముందు మాట్లాడిన నలుగురూ అదరగొట్టి వెళ్ళారు. మైకు దగ్గరికి వెళ్ళి కాగితం తీసి "వీ ఆర్ గ్రేట్‌ఫుల్" అని మొదలెట్టాను. అంతే, గొంతు ఆగిపోయింది, పెన్ను దెబ్బ వినబడినట్టైంది. కాగితం మూసేసి, సార్ ఉంటే ఇక్కడే ఆపేవారు, ఈ వీ ఎవరు అని అడిగేవారు, అని ఆ డైనింగ్ టేబుల్ సంగతి చెప్పాను. పెద్దగా నవ్వారు. వాళ్ళమ్మాయి ఏడుస్తూ నవ్వింది, ఆ దెబ్బలు తను కూడా తిన్నదట.

తర్వాత 1987 చెప్పాను. కమ్మింగ్ అన్న పేరు వినగానే నవ్వులన్నీ ఆగిపోయాయి. మా గుమ్మం దగ్గర ఆయన అన్న మాట చెప్పబోయి చెప్పలేకపోయాను. అక్కా, నువ్వు చెప్పినట్టే వెనక నుంచి "టేక్ యువర్ టైమ్, బేబీ" అని ఒక ముసలావిడ గొంతు. ఆ బేబీ అన్న మాటకి ఇంకా ఏడుపొచ్చింది. ఎలాగో పూర్తి చేశాను. గోంగూరకి మళ్ళీ నవ్వారు. దిగి వస్తుంటే ఆ ముసలావిడే నా చెయ్యి పట్టుకుని "నేనూ ఆ బస్సులో ఉన్నాను" అంది. రెండు నిమిషాలన్నారు, నాలుగు పట్టిందని మా ఆవిడ లెక్క.

రిపాస్ట్‌లో సార్ వాళ్ళావిడ నా కోసం విడిగా ఒక ప్లేటు మూత పెట్టి ఉంచారు. "ఈ గ్రీన్స్‌లో మాంసం లేదు, భయపడకుండా తిను" అన్నారు. ఆ రోజు, ఆ పరిస్థితిలో, నేనేం తింటానో ఆవిడకి గుర్తుంది. తిన్నాను, మావాడు కాబ్లర్ రెండుసార్లు తిన్నాడు.

బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, ఆ టేబుల్ ఖాళీగా ఉంటుంది, పిల్లాణ్ణి తీసుకుని వస్తూ ఉండు, సరేనా అన్నారు. అమ్మ చెప్పింది గుర్తుంది. వస్తానండీ అన్నాను.

ఇంటికొచ్చి తలస్నానం మాత్రం చేశాను.